పెద్దల్లుడుగారి బ్యాంకాక్ ప్రయాణం

వెంకటరాజుకి దేవుడు అన్నీ ఇచ్చాడు. భీమవరం దగ్గర ఉండి ఊరి రోడ్డు పక్కన రొయ్యల చెరువులు ఇచ్చాడు, రెండంతస్తుల మేడ ఇచ్చాడు, నలభై దాటినా నెరవని జుట్టు ఇచ్చాడు, రామతులసి లాంటి ఇల్లాలిని ఇచ్చాడు. అన్నీ ఇచ్చి, చివర్లో ఏం తోచిందో, అశోక్‌ని తోడల్లుడిగా ఇచ్చాడు. దాంతో పైన ఇచ్చినవన్నీ ఇవ్వనట్టే అయిపోయింది.

అశోక్ రామతులసి చెల్లెలు సూర్యకళ భర్త. పెళ్ళై ఏళ్ళు గడిచి పిల్లలు హైస్కూలుకి వచ్చినా, వీరవాసరంలో అత్తవారింట్లో అతనింకా కొత్తల్లుడే. అత్తగారు మాణిక్యాంబ వెంకటరాజుని "పెద్దల్లుడుగారు" అంటుంది, అశోక్‌ని "అశోక్‌బాబు" అంటుంది. వినేవాళ్ళకి మొదటిదే మర్యాదగా తోస్తుంది. వెంకటరాజుకి మాత్రం ఆ 'గారు' వసారాలో వేసిన కుర్చీలాగా, ఆ 'బాబు' వంటింట్లో వేసిన పీటలాగా వినిపించేవి. కుర్చీలో ఒక్కడే కూర్చుని పేపరు తిరగేస్తుంటే, వంటింట్లోంచి అశోక్ నవ్వూ, అత్తగారి నవ్వూ కలిసి వచ్చేవి. అప్పుడు అతను చదివిన లైనే మళ్ళీ చదివేవాడు.

చెరువుల సంగతీ అంతే. వెంకటరాజు పద్ధతి గల రైతు. నీళ్ళు పరీక్ష చేయిస్తాడు, మేత ఎంత మిగిలిందో తనే వంగి చూసుకుంటాడు, నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ చప్పుడు కాస్త మారితే నిద్రలోంచి లేచి కూర్చుంటాడు. అశోక్ గట్టు మీద కుర్చీ వేసుకుని పాటలు వింటాడు. ఒక ఏడు ఆ చుట్టుపక్కల చెరువులన్నిటికీ తెల్లమచ్చ తెగులు తగిలి, రొయ్యలు చచ్చి గట్టుకి కొట్టుకొస్తుంటే, అశోక్ చెరువులో రొయ్యలు అంతకు ముందు వారమే పట్టేసి ఉన్నాయి. అంత తొందరగా ఎందుకు పట్టించావయ్యా అని అడిగితే, "సూర్యకళ తిరపతి వెళ్దామందండి. వచ్చాక పట్టిద్దామంటే వినలేదు" అని నవ్వాడు. వెంకటరాజు తన చచ్చిన రొయ్యల్ని గోతిలో పూడ్పించి, ఆ సాయంత్రం అన్నం ముట్టుకోలేదు. తనవి పోయిన దుఃఖం కంటే అశోక్‌వి పోలేదన్న కడుపుమంటే అతన్ని ఎక్కువ కాల్చింది.

"మా మరిదిగారిది మంచి రాశండీ" అంది రామతులసి ఊరుకోలేక.

"నాది రాయి" అని వెంకటరాజు ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

అత్తవారింట్లో పెద్దల్లుడి పరువు తగ్గడానికి వేరే కారణం ఉంది. అది అశోక్ ఆ ఇంటికి రాకముందు నాటిది. కొత్తగా పెళ్ళైన రోజుల్లో ఒక ఉదయం మామగారు స్కూటర్ స్టార్ట్ చేసి వీధిలోకి తిప్పగానే, వెంకటరాజు అరుగు మీంచి "మావయ్యగారూ! ఎక్కడికండీ?" అని కేకేశాడు. మర్యాదకే అడిగాడు పాపం. బయలుదేరే మనిషిని ఎక్కడికని అడగకూడదు, అడుగు బయటపెట్టాక వెనకనుంచి పిలవకూడదు. ఆ రెండూ ఒక్క కేకలోనే చేశాడు. మాణిక్యాంబ వంటింట్లోంచి పరుగున వచ్చి, ఆయన్ని దింపి, కాసేపు కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి పంపింది. అయినా కాలవ లాకుల దగ్గర కంకర మీద స్కూటర్ జారి ఆయన కాలు విరిగింది. కట్టు విప్పాక ఆయన మామూలుగానే నడిచారు, చాలా ఏళ్ళ తర్వాత వేరే జబ్బుతో పోయారు. కానీ పెద్దల్లుడి నోరు మంచిది కాదన్న మాట మాత్రం ఆ ఇంట్లో ఉండిపోయింది. తర్వాత వచ్చిన అశోక్ ఎవర్నీ ఎక్కడికని అడిగేవాడు కాదు. "ఉండండి, నేనూ వస్తాను" అని చెప్పులేసుకునేవాడు.

ఇలా ఉండగా రెండువేల తొమ్మిదిలో వనామీ వచ్చింది. టైగర్ రొయ్యతో దెబ్బతిని ఉన్న భీమవరం రైతులకి, ఆ కొత్త రకం రొయ్య పేరు వింటేనే కళ్ళు మెరిసేవి. విశాఖ వైపు రొయ్యగుడ్లు పొదిగించే ఒక హేచరీ కంపెనీ వనామీ రొయ్యపిల్లని అమ్మబోతోందని, భీమవరం చుట్టుపక్కలకంతా కలిపి ఒక్కరికే ఏజెన్సీ ఇస్తుందని తెలిసింది. చాలామంది తిరిగారు. చివరికి రెండు పేర్లు మిగిలాయి. ఒకటి వెంకటరాజుది. రెండోది ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఏజెన్సీ వెంకటరాజుకి కావాలి. రొయ్యపిల్ల కోసం ఊళ్ళో రైతులంతా తన గుమ్మం ముందు నిలబడాలి. అందులో అశోక్ కూడా ఉండాలి. అతను వరసలో తన వంతు వచ్చేదాకా ఆగి, "అన్నయ్యగారూ, నాక్కూడా కాస్త చూడండి" అనాలి. ఈ ముచ్చటని వెంకటరాజు చెరువు గట్టు మీద నడుస్తూ ఎన్నిసార్లు తలుచుకున్నాడో లెక్కలేదు.

కంపెనీ మేనేజరు ప్రసన్నకుమార్ ఇద్దర్నీ థాయ్‌లాండ్ రమ్మన్నాడు. ఆ దేశానికి దక్షిణాన సూరత్‌థానీ అనే చోట వాళ్ళకి పొత్తు ఉన్న హేచరీ ఉంది. చైర్మన్‌గారు అక్కడికే వస్తారు, ఇద్దరితో కలిసి సాయంత్రం భోంచేస్తారు, ఏజెన్సీ ఎవరికో అక్కడే తేల్చేసి మర్నాడు పొద్దున్నే ఇంకో దేశం వెళ్ళిపోతారు. ఆ భోజనం దగ్గర ఉన్నవాడిదే ఏజెన్సీ అన్నమాట.

తోడల్లుళ్ళిద్దరూ చెన్నై వెళ్ళి విమానం కోసం కూర్చున్నారు. ముందే సూరత్‌థానీ చేరిన ప్రసన్నకుమార్ వెంకటరాజుకి ఫోన్ చేశాడు.

"వెంకటరాజుగారూ, ఒక్క ముక్క జాగ్రత్తగా వినండి. బ్యాంకాక్‌లో రెండు ఎయిర్‌పోర్టులండి. మీరు దిగేది కొత్తది, సువర్ణభూమి. మధ్యాహ్నం మీరెక్కాల్సిన రెండో ఫ్లైటు పాత ఎయిర్‌పోర్టు నుంచి. డాన్ మువాంగ్ అంటారు. ఊరికి అదో చివర, ఇదో చివర. మీ సామాను తీసుకుని, బయటికొచ్చి, టాక్సీ ఎక్కాలి. అశోక్‌గారి ఫోన్ కలవట్లేదు. ఆయనక్కూడా చెప్పండేం."

"ఆయ్, చెప్తానండి" అన్నాడు వెంకటరాజు.

చెప్పాలనే అనుకున్నాడు. ఆ మాట మాత్రం నిజం. ఫోన్ జేబులో పెట్టుకుని చూస్తే అశోక్ పక్కన లేడు. అవతల వరసలో, రాజమండ్రి నుంచి వచ్చిన బట్టల వ్యాపారస్తుల జంటతో చుట్టరికం కలిపేస్తున్నాడు. ఆవిడ పేరు లోవలక్ష్మి. అప్పటికే అశోక్‌ని "తమ్ముడూ" అంటోంది. కారియర్ విప్పి పులిహోర పెట్టింది కూడా. "మా అన్నయ్యగారండి" అని అశోక్ చూపిస్తే, వెంకటరాజుకి నమస్కారం పెట్టింది. పులిహోర మాత్రం అప్పటికి అయిపోయింది.

విమానంలో చెబుదామనుకున్నాడు. కిటికీ సీటు వెంకటరాజుదే, కానీ లోవలక్ష్మికి కళ్ళు తిరుగుతున్నాయని అశోక్ ఆవిణ్ణి అక్కడ కూర్చోబెట్టి, అన్నయ్యగార్ని వెనక బాత్‌రూము పక్క సీటుకి పంపించాడు. అక్కడ కూర్చుని ముక్కు మూసుకుంటే, ముందు వరసల్లోంచి నవ్వులు. ఎయిర్‌హోస్టెస్ కూడా అక్కడే ఆగి నవ్వుతోంది. తను మంచినీళ్ళడిగి ఎంతసేపైందో! ఇలాంటివాడికి నేను చెప్పేదేంటి, దిగాక చూద్దాంలే అనుకున్నాడు.

పొద్దున్నే దిగారు. వీసా ముద్ర వేయించుకుని, తిరిగే బెల్టు మీంచి పెట్టెలు తీసుకునేసరికి లోవలక్ష్మి దంపతులు అశోక్‌ని ఊళ్ళోకి రమ్మని పట్టుబట్టారు. మన వంట దొరికే హోటలుందట, తిని రావచ్చట.

"అన్నయ్యగారూ, మీరు కూడా రండి" అన్నాడు అశోక్.

"నాకు ఆకలిగా లేదు."

"అయితే నా పెట్టె మీ దగ్గరుంచండేం. మధ్యాహ్నానికి ఇక్కడికే వచ్చేస్తానండి. మీరిక్కడే ఎక్కడైనా నడుం వాల్చండి" అని పెట్టె అప్పగించి, అశోక్ గిరుక్కున తిరిగి నడిచాడు.

ఇక్కడికే! వెంకటరాజు నోరు తెరిచాడు. పేరు నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే మాణిక్యాంబ ముఖం కళ్ళ ముందు కదిలింది. బయలుదేరిన మనిషిని వెనకనుంచి పిలవకూడదు. ఒకసారి పిలిచి ఇన్నేళ్ళూ పడ్డాడు. దేశం కాని దేశంలో అశోక్‌కి ఏమైనా అయితే మళ్ళీ తన నోటినే అంటారు. వెంకటరాజు నోరు మూసుకున్నాడు.

పరిగెత్తి వెళ్ళి ఎదురుగా నిలబడి చెప్పొచ్చు. దానికి ఏ ఆచారమూ అడ్డు చెప్పదు. ఆ ఆలోచన అతనికీ వచ్చింది. కానీ రెండు పెట్టెలు వదిలేసి ఎలా పరిగెడతాడు? అద్దం తలుపు దానంతటదే తెరుచుకుంది, అశోక్ వెళ్ళిపోయాడు, తలుపు మూసుకుంది. పెద్దవాళ్ళ మాట ఇంత శ్రద్ధగా పాటించిన అల్లుడు ఆ క్షణాన లోకంలో ఇంకొకడు ఉండడు.

టాక్సీ వరసలో నిలబడి వెంకటరాజు టిక్కెట్టు చూపించి, "ఓల్డ్ ఎయిర్‌పోర్ట్, డాన్ మువాంగ్" అన్నాడు. డ్రైవరు రెండు పెట్టెలూ డిక్కీలో వేశాడు. అశోక్ పెట్టె చక్రాల మీద గాజు పలక మీద నీటిబొట్టులా జారిపోయింది. తన పెట్టెకి ఒక చక్రం తిరగదు. అది కూడా అతనికి గుచ్చుకుంది.

కారు ఆకాశంలో కట్టినట్టున్న రోడ్డెక్కింది. అద్దం దగ్గర డ్రైవరు మల్లెపూల దండ వేలాడదీసుకున్నాడు. ఆ వాసనకి ఒక్కసారి భీమవరం గుర్తొచ్చి వెంకటరాజు భయం తగ్గింది. ఇంత పెద్ద ఊళ్ళో ఒక చివరనుంచి ఇంకో చివరకి, తోడు లేకుండా, భాష రాకుండా తను వెళ్ళగలుగుతున్నాడు. అశోక్ అయితే ఈ డ్రైవరుతో కూడా వరస కలుపుకుని వాళ్ళింటికి కాఫీకి వెళ్ళేవాడు. వెళ్ళనీ, ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్ళనీ. పక్క సీటు ఖాళీగా ఉండటం ఇంత సుఖంగా ఉంటుందని వెంకటరాజుకి ఇన్నాళ్ళూ తెలీదు.

పాత ఎయిర్‌పోర్టు నిజంగానే పాతది. కొత్తదాని హంగులు లేవు. రెండు రన్‌వేల మధ్యలో గోల్ఫ్ ఆడుతున్నారు మనుషులు! ఒక పక్క విమానం లేస్తుంటే, ఇంకో పక్క టోపీ పెట్టుకున్న పెద్దమనిషి తాపీగా బంతి కొడుతున్నాడు. వెంకటరాజు కిటికీ దగ్గర కూర్చుని ఆ విడ్డూరం చూస్తున్నాడు. ఇది అశోక్‌కి చెప్పాలి అనుకున్నాడు ముందు, అలవాటు కొద్దీ. తర్వాత గతుక్కుమన్నాడు.

మధ్యాహ్నం దాటింది. అశోక్ ఈపాటికి కొత్త ఎయిర్‌పోర్టుకి తిరిగొచ్చి తన కోసం వెతుకుతుంటాడు. ఇంకా టైముంది. ఇప్పుడు టాక్సీ ఎక్కినా అందుకుంటాడు. అలా అనుకుంటుండగానే జేబులో ఫోన్ మోగింది. విదేశాల్లో కూడా మోగాలని వెంకటరాజు ఊళ్ళోనే చేయించుకుని వచ్చాడు. అశోక్ అదీ చేయించుకోలేదు, అతని ఫోన్ ఇక్కడ పనిచెయ్యదు. తెర మీద ఇక్కడి నెంబరు ఉంది. ఎవరి ఫోనో అడిగి తీసుకుని చేస్తున్నాడన్నమాట. అశోక్‌కి అందరి నెంబర్లూ నోటికొచ్చు.

ఫోన్ మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. తెలీని నెంబరు మనమెందుకు ఎత్తాలి అని వెంకటరాజు తనకి తను చెప్పుకున్నాడు. వేలు మాత్రం ఆ పచ్చ బొత్తాం పక్కనే ఉంది. ఎత్తి, "పాత ఎయిర్‌పోర్టుకి రా తమ్ముడూ" అంటే చాలు. అంటే ఏమవుతుంది? అశోక్ వస్తాడు. చైర్మన్‌గారి పక్క కుర్చీలో కూర్చుంటాడు. రెండు మాటలకే ఆయన కడుపుబ్బ నవ్వుతాడు. తను చెరువు నీళ్ళ పరీక్షల గురించి చెబుతుంటే ఆయన అశోక్ వైపు తిరిగి ఉంటాడు. ఏజెన్సీ అక్కడికే పోతుంది. వెంకటరాజు ఫోన్‌ని చేతిలోనే పట్టుకుని, రెండోసారి కూడా అది చివరిదాకా మోగేవరకూ చూశాడు. తర్వాత అది మోగలేదు. కౌంటరు తెరవగానే అశోక్ పెట్టె కూడా తన సామానుతో అప్పగించి, పిలుపు రాగానే విమానం ఎక్కాడు.

సాయంత్రం భోజనాల దగ్గర ప్రసన్నకుమార్ తల పట్టుకున్నాడు. "అశోక్‌గారు ఫోన్ చేశారండి. కొత్త ఎయిర్‌పోర్టులోనే ఉండిపోయారట. ఇంక ఈ పూటకి రాలేరు, బస్సులో వస్తున్నారు. మీకు చెన్నైలోనే చెప్పానన్నాను కూడా ఆయనతో."

అయితే అశోక్‌కి తెలిసిపోయిందన్నమాట. చైర్మన్‌గారు మాత్రం ఒక్క మాటతో తేల్చేశారు. "ఎయిర్‌పోర్టు చూసుకోలేని మనిషి రైతుకి టైముకి పిల్లనేం అందిస్తాడండి? మీకే ఇస్తున్నాం." చేయి కూడా కలిపారు. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన గెలుపు అది. వెంకటరాజు ఆ రోజు కడుపునిండా తిన్నాడు, కానీ తెల్లారేసరికి అశోక్ వచ్చి ఏమంటాడోనని పక్క మీద అటూ ఇటూ పొర్లాడు.

పొద్దున చైర్మన్‌గారు వెళ్ళాక అశోక్ బస్సు దిగి వచ్చాడు. బట్టలు నలిగిపోయాయి, కళ్ళు ఎర్రబడ్డాయి. "ఏజెన్సీ మీకేనట కదండీ అన్నయ్యగారూ! చాలా సంతోషం" అన్నాడు. ఇంకేమీ అనలేదు. హేచరీ తొట్లన్నీ తిరిగి చూశాడు, తిరుగు ప్రయాణంలో వెంకటరాజు పక్కనే కూర్చున్నాడు, ఇంటికొచ్చాడు. దారంతా వెంకటరాజు అతని ముఖం చూస్తూనే ఉన్నాడు. ఎప్పుడంటాడు? ఎవరి ముందంటాడు?

ఆదివారం వీరవాసరంలో అందరూ కలిశారు. వెంకటరాజు ఏజెన్సీ వచ్చినందుకు పెద్ద స్వీట్ల పెట్టె పట్టుకెళ్ళాడు. మాణిక్యాంబ "మంచిది పెద్దల్లుడుగారూ" అని పెట్టె బల్ల మీద పెట్టి, అశోక్ దగ్గరకి వెళ్ళిపోయింది. వసారా నిండా జనం. పక్కింటివాళ్ళు కూడా వచ్చారు. అశోక్ కథ చెబుతున్నాడు. ఒక ఎయిర్‌పోర్టులో తనూ, ఇంకో ఎయిర్‌పోర్టులో విమానమూ! ఎవరిని అడిగినా నవ్వేసి దణ్ణం పెట్టడమేగానీ జవాబు చెప్పరట. బస్సులో పక్కనున్న ముసలావిడ కొబ్బరిపాలు పోసిన అన్నంలో మామిడిపండు ముక్కలు పెట్టి తినమందట, తర్వాత తన భుజం మీదే నిద్రపోయిందట. జనం స్వీట్లు తింటూ, విరగబడి నవ్వుతూ, మధ్యలో అయ్యో పాపం అంటూ వింటున్నారు. ఆ స్వీట్లు ఎందుకు తెచ్చారో అడిగినవాళ్ళు లేరు. విమానం తప్పిపోయింది అశోక్‌కి, గొప్పవాడైంది కూడా అశోకే. ఆ తప్పిపోవడమేదో నాకే జరిగినా బాగుండేదే అని వెంకటరాజు కుళ్ళుకున్నాడు.

మాణిక్యాంబ ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి అశోక్‌కి దిష్టి తీసింది. తీసి, గుప్పిట మూసుకుని, ఉన్నట్టుండి వెంకటరాజు వైపు తిరిగింది.

"అవునుగానీ పెద్దల్లుడుగారూ, మీరు కూడానే ఉన్నారు కదా. మీకు తెలిసి అశోక్‌బాబుకి చెప్పలేదేంటండి?"

రామతులసి మొగుడి ముఖం వైపు చూసి, వెంటనే కళ్ళు దించుకుంది.

"చెప్పారత్తయ్యగారూ" అన్నాడు అశోక్. "చెన్నైలోనే చెప్పారు. ఒకటికి రెండుసార్లు చెప్పారు. లోవలక్ష్మక్క కబుర్లలో పడి నేనే వినిపించుకోలేదు. నాకు బుద్ధి లేకపోతే అన్నయ్యగారేం చేస్తారండి?"

"నీతో ఎలా వేగుతున్నారో మహానుభావుడు" అని మాణిక్యాంబ నవ్వింది. అందరూ నవ్వారు. వెంకటరాజు కూడా పెదాలు కదిపాడు.

భోజనాలయ్యాక పెరట్లో పంపు దగ్గర ఇద్దరే మిగిలారు. వెంకటరాజు చెయ్యి కడుక్కుంటూ, తల ఎత్తకుండా అడిగాడు.

"ఎందుకలా చెప్పావు?"

"ఏం చెప్తే ఏంటండి. మీకు ఏజెన్సీ వచ్చింది. నాకు జన్మకి సరిపడా కబుర్లొచ్చాయి." అశోక్ తువ్వాలు అందించాడు. గొంతు కొంచెం తగ్గించాడు. "అక్కడ ఒక కుర్రాణ్ణి అడిగి ఫోన్ తీసుకున్నానండి. రెండోసారి కూడా మీరెత్తకపోయేసరికి నాకర్థమైంది. మూడోసారి చేస్తే మీకు మరీ ఇబ్బందవుతుందని ఊరుకున్నాను."

ఆ మాటని దెప్పుతున్నట్టు అనలేదు. ఒకవేళ అలా అనుంటే వెంకటరాజు బతికిపోయేవాడు, తిరిగి నాలుగు మాటలు అనగలిగేవాడు. అశోక్ తువ్వాలు తీగ మీద ఆరేసి లోపలికి వెళ్ళిపోయాడు. లోపల మాణిక్యాంబ "అశోక్‌బాబూ, ఆ ముసలావిడ సంగతి మళ్ళీ చెప్పు" అంటోంది.

వెంకటరాజు పంపు కట్టేయడం మరిచిపోయి నిలబడ్డాడు. సిగ్గుతో చచ్చిపోవలసిన సమయం అది. అతనికీ తెలుసు. కానీ ముందు వచ్చింది సిగ్గు కాదు. చెరువులు, అదృష్టం, అత్తగారి ముద్దు, అన్నీ అశోక్‌కే ఉన్నాయి సరే, తనని ఇలా కాపాడేంత మనసు కూడా అశోక్‌కే ఉండాలా అని అతని కడుపు భగ్గుమంది. సిగ్గు ఆ వెనక, చాలా ఆలస్యంగా వచ్చింది.